సివిల్ ఇంజనీరింగ్‌లో ఆనర్స్: చదివి, ఉద్యోగంలో చేరిన తర్వాత నా సమీక్ష

బి.టెక్.కు అవసరమైన 160 క్రెడిట్లకు తోడు మరో 20 క్రెడిట్లు సాధించిన విద్యార్థికి ఆనర్స్ పట్టా ఇచ్చే ఏర్పాటు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018లో తెచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో ఉంది. ఆ ఏర్పాటు కింద కోస్తా ఆంధ్రలోని ఒక కళాశాలలో చదివి, ఇప్పుడు భవనాల డిజైన్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. అదనపు సబ్జెక్టులన్నీ ఒకే దారిలో సాగేలా ఎంచుకునే వీలుంటే ఆనర్స్‌లో తప్పక చేరాలన్నది నా అభిప్రాయం.

నేను స్ట్రక్చరల్ డైనమిక్స్ (కదలికలకు నిర్మాణాలు ఎలా స్పందిస్తాయో చెప్పే శాస్త్రం), ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడదీసి లెక్కగట్టే పద్ధతి), భూకంపాలను తట్టుకునే నిర్మాణాల డిజైన్ తీసుకున్నాను. మామూలు తరగతుల్లో భూకంపాలను తట్టుకునే డిజైన్‌కు నియమాలు చెప్పే 2016 నాటి ఐఎస్ 1893 కోడ్ ప్రకారం విజయవాడ మూడో భూకంప జోన్‌లో ఉంది కనుక 0.16, హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంది కనుక 0.10 అని జోన్ గుణకాన్ని సూత్రంలో వేసి, భవనంపై పడే బలాన్ని లెక్కగట్టడం వరకే నేర్చుకున్నాం. బరువు పెరిగినా, దృఢత్వం తగ్గినా భవనం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే కాలం ఎందుకు పెరుగుతుందో డైనమిక్స్ చదివాకే అర్థమైంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కింది అంతస్తును పార్కింగ్‌కు వదిలేసిన అపార్ట్‌మెంట్లు అనేకం ఎందుకు కూలాయో, పై అంతస్తుల్లో గోడలుండి కింద స్తంభాలు మాత్రమే ఉంటే కదలికంతా ఆ ఒక్క అంతస్తు మీదే ఎలా పడుతుందో ఆ తరగతిలోనే తెలిసింది. మన ఊళ్లలో ఇప్పుడు కట్టే అపార్ట్‌మెంట్లలో చాలావాటి నమూనా అదే కావడం వల్ల, సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫలితాన్ని అనుమానించి మళ్లీ సరిచూసే అలవాటు నా ఉద్యోగంలో రోజూ ఉపయోగపడుతోంది.

క్రెడిట్లలో కొన్నింటిని ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన ఎన్‌పీటీఈఎల్ ద్వారా పూర్తిచేశాను. పన్నెండు వారాల కోర్సులో అసైన్‌మెంట్లకు 25, పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షకు 75 మార్కులు. పాఠాలు చాలా బాగుంటాయి కానీ, వారం వారం వచ్చే గడువులు మిడ్ పరీక్షలతో కలిసినప్పుడు ఊపిరి సలపదు. తరగతిలో కొద్దిమందే ఉండటంతో మా ఆచార్యులకు నా పని దగ్గరగా తెలిసింది, ఎం.టెక్.కు దరఖాస్తు చేసినప్పుడు ఆయన సిఫారసు లేఖలో నా ప్రాజెక్టు గురించి వివరంగా రాయగలిగారు.

ప్రాంగణ నియామకాలకు వచ్చిన సాఫ్ట్‌వేర్ సంస్థలు మాత్రం నా ఆనర్స్ గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ రంగానికి వెళ్లదలచినవారు అవే క్రెడిట్లతో కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ (మరో శాఖలో అదనపు అర్హత) తీసుకోవడం మేలు. ఆనర్స్‌లో చేరేవారు, తాము కోరే సబ్జెక్టులను చెప్పే అధ్యాపకులు విభాగంలో ఉన్నారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. మా కళాశాలలో ఒక సబ్జెక్టుకు అధ్యాపకులు లేక, దాని బదులు మా దారికి సంబంధం లేని మరో సబ్జెక్టు ఇచ్చారు. ఆ క్రెడిట్లు మార్కుల జాబితాలో చేరాయి తప్ప, అందులో చదివినది నాకు ఇప్పటివరకు అక్కరకు రాలేదు.