ఎలుగుల భయానికి పెట్టుకున్న సోలార్ సెన్సార్ లైటు: మూడు నెలల వాడకం

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం, సముద్రం దగ్గరి ఊరు. ఇంటి వెనక కొబ్బరి చెట్లు, వాటి వెనక జీడి తోట. ఎలుగులు పగలంతా ఆ తోటల్లోనే పడుకుని చీకటి పడ్డాక కదులుతాయి. మా బాత్రూమ్ పెరట్లో, ఇంటికి పదిహేను అడుగుల దూరంలో ఉంది. మామయ్యకి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి అక్కడికి వెళ్లాలి. 2022 జూన్‌లో మా మండలంలోని కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు చనిపోయారు. అప్పటి నుంచి మామయ్య చీకట్లో గడప దాటితే, తిరిగి లోపలికి వచ్చేదాకా నాకు టెన్షనే.

అందుకే మార్చిలో కాశీబుగ్గలో ఒక షాపులో రెండు లైట్లు కొన్నాం. రెండూ కలిపి 1,700 రూపాయలు. పగలు ఎండకి ఛార్జ్ అవుతాయి, రాత్రి ఎదురుగా ఏదైనా కదిలితే వెలుగుతాయి.

ముందు అసలు సంగతి. ఈ లైటుకి ఎలుగు పారిపోదు. మే రెండో వారంలో ఒక రాత్రి రెండు దాటాక పెరడంతా ఒక్కసారి తెల్లగా వెలిగింది. కిటికీలోంచి చూస్తే తల్లి ఎలుగు, వీపు మీద పిల్ల. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని "తలుపు తియ్యకమ్మా" అంది. అది ఆగి, ముక్కెత్తి గాలిలో వాసన చూసి, మళ్లీ మేం సాయంత్రం గోతిలో పడేసిన పనస తొక్కల మీద పడింది. పది నిమిషాలు అక్కడే ఉంది. లైటు ఆరిపోవడం, అది కదలగానే మళ్లీ వెలగడం. తర్వాత తనంతట తనే జీడి తోటలోకి వెళ్లిపోయింది.

అయినా ఈ లైటు కొన్నందుకు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఎలుగుకి చూపు తక్కువ, వాసన ఎక్కువ. మనిషి హఠాత్తుగా దగ్గరలో ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది, పిల్ల ఉంటే మరీను. అది అక్కడుందని తలుపు తియ్యకముందే మనకి తెలియాలి. ఆ పని ఈ లైటు చేసింది. ఇప్పుడు మామయ్య ముందు కిటికీలోంచి చూస్తారు, పళ్లెం మీద నాలుగు దెబ్బలు కొడతారు, కాసేపు ఆగి అప్పుడే గడియ తీస్తారు.

బిగించే చోటు చాలా ముఖ్యం. ఇందులోని సెన్సార్ కదిలే ఒంటి వేడిని పట్టుకుంటుంది. అడ్డంగా నడిచేదాన్ని వెంటనే పడుతుంది, నేరుగా దాని వైపే వచ్చేదాన్ని ఆలస్యంగా పడుతుంది. మా ఆయన మొదట తోటకి ఎదురుగా బిగించారు. నేను తోట వైపు నుంచి నడిచి చూస్తే బాగా దగ్గరికి వచ్చాక గాని వెలగలేదు. పశువుల శాల పక్క గోడకి మార్చాక ఏడెనిమిది మీటర్ల నుంచే పట్టింది. డబ్బా మీద మాత్రం పది అని ఉంది. మే నెల ఉక్క రాత్రుల్లో అది కూడా నాలుగైదుకి పడిపోయింది, చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ తేడా తగ్గిపోతుంది కాబట్టి. అందుకని వేసవిలో లైటు వెలగలేదని ధైర్యంగా బయటికి వెళ్లిపోకండి. టార్చి వేసి చూడాల్సిందే.

కుక్కలకీ ఆవులకీ కూడా వెలుగుతుంది, దానికేం చెయ్యలేం. గాలికి ఊగే కొబ్బరి మట్టకి కూడా వెలిగేది, ఆ మట్ట కొట్టించాక తగ్గింది. సముద్రపు గాలికి నెల తిరక్కుండానే స్క్రూలు తుప్పు పట్టాయి, స్టీలువి వేయించాం. పైన అద్దం మీద ఉప్పు పొర పేరుకుంటుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. జూన్‌లో వరసగా మూడు రోజులు మబ్బు పట్టినప్పుడు తెల్లవారుజాముకి వెలుతురు బాగా తగ్గిపోయింది. మాకు కావలసింది సరిగ్గా ఆ వేళకే. రాత్రంతా సన్నగా వెలిగే మోడ్ పెట్టకుండా, కదిలితేనే వెలిగే మోడ్‌లో పెట్టాక కొంత నయం.

రెండింట్లో ఒకదాంట్లోకి పద్దెనిమిది రోజులకే నీళ్లు దిగాయి. షాపాయన మార్చనన్నాడు. మా ఆయన బిల్లు తీసి చూపించి గంటసేపు అక్కడే నిలబడితే మార్చాడు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడని చెప్పినా కదలకపోవడం నాకు బాధేసింది.

కొందరు తోట చుట్టూ కరెంటు తీగ లాగుతామంటున్నారు. చేతులెత్తి అడుగుతున్నాను, ఆ పని చెయ్యొద్దు. ఎలుగుని చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చీకటితోనే జీడి పిక్కలు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు ఆ తీగ తొక్కితే ఎవరు జవాబు చెబుతారు? 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా జీడి, పనస, కొబ్బరి ఎన్ని కూలిపోయాయో అందరం చూశాం. పోయింది మన తిండే కాదు, ఎలుగులది కూడా.

పనస తొక్కలు ఇప్పుడు పెరట్లో పడెయ్యడం లేదు, ఇంటికి దూరంగా పూడ్చేస్తున్నాం. జీతం రాగానే మూడో లైటు కొంటాం, అది వీధి గుమ్మానికి, మామయ్య ఆటో ఎక్కే చోటుకి. ఈసారి కొనేముందు షాపులోనే దాని మీద చెంబుడు నీళ్లు పోసి చూపించమని అడుగుతాను.