యాంటీబయాటిక్స్ పోగొట్టే జగ్గు: బోరు నీళ్ళ దగ్గర తుస్సుమంది

రెండు లీటర్ల జగ్గు, మూతలో యూవీ లైట్లు, అడుగున తెల్లటి జల్లెడ, ఖరీదు 6,499. నీళ్ళలో యాంటీబయాటిక్స్ 99 శాతం పోతాయని డబ్బా మీద ఇంతింత అక్షరాల్లో ఉంది. మేముండేది పటాన్‌చెరు పక్కన, అందుకే ఆ మాటకి పడిపోయాను. ఇక్కడి మందుల కంపెనీల మురుగు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో రాశారు, అంటే బిందెడు నీళ్ళలో దాదాపు ఒక 500 ఎంజీ బిళ్ళ కరిగినట్టు. అది వాగులోకి పోయే నీళ్ళ సంగతే, మా కుళాయిది కాదు, అయినా ఒకసారి చదివాక బుర్రలోంచి పోదు కదా.

జగ్గు వెనకున్న సైన్సు మాత్రం నిజమైనదే. జల్లెడకి టైటానియం డయాక్సైడ్ పూత ఉంటుంది, తెల్ల పెయింట్లలో వాడే పొడే అది. దాని మీద యూవీ పడితే నీళ్ళలో హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా వెంటనే కలబడే కణాలు పుట్టి దొరికినదాన్నల్లా ముక్కలు చేస్తాయి. ఆ "దొరికినదాన్నల్లా" దగ్గరే ఉంది తిరకాసు.

ఇంట్లో యాంటీబయాటిక్ కొలవలేం కాబట్టి, దాని బదులు ఒక రంగు పోతుందో లేదో చూద్దామని, అక్వేరియం షాపులో చేపలకి వాడే మిథిలీన్ బ్లూ సీసా తెచ్చి, ఆర్వో నీళ్ళలో రెండు చుక్కలు వేసి లైటు పెట్టాను. గంటన్నరకి నీలం పోయి తేటగా అయ్యాయి, మా ఆవిడ కూడా "అబ్బో" అంది. అవే రెండు చుక్కలు బోరు నీళ్ళలో వేస్తే మూడు గంటలైనా నీలిమందు కలిపిన బకెట్టులాగే ఉంది. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు కట్టించే బైకార్బొనేట్ లవణాలే రాడికల్స్‌ని ముందు మింగేస్తాయి, ఇక మందు వంతు వచ్చేసరికి మిగిలేదెంత?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సర్, మా టెస్ట్ డిస్టిల్డ్ వాటర్‌లో చేసింది" అని చల్లగా చెప్పింది ఆ అమ్మాయి. డబ్బా అడుగున చూస్తే నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. డిస్టిల్డ్ వాటర్‌లో యాంటీబయాటిక్ కలుపుకుని ఎవరు తాగుతారండీ?

ఇంకోటి, రంగు పోయినంత మాత్రాన మందు మొత్తం కార్బన్ డయాక్సైడ్, నీళ్ళుగా మారిపోయినట్టు కాదు, సగం తెగిన ముక్కలు మిగలొచ్చు. వాటి గురించి జగ్గుతో వచ్చిన కాగితంలో ఒక్క మాట లేదు.

ఆర్వో ఉన్నవాళ్ళకి ఇది దండగ, అదే చాలావరకు ఆపేస్తుంది. లేనివాళ్ళు, ముఖ్యంగా బోరు నీళ్ళవాళ్ళు, అసలు కొనొద్దు. 2 స్టార్లు, అవీ ప్యాకింగ్‌కి. రిటర్న్ అడిగితే వాడిన జల్లెడ వెనక్కి తీసుకోం అన్నారు, ఇప్పుడది మా వాడి స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళింది, సీసాలో మిగిలిన నీలం చుక్కలతో సహా.