పాట ఆరు నిమిషాలు, షటిల్ కోసం నలభై నిమిషాలు

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్‌లో కచేరీ చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టు పక్క లాడ్జిల జోలికి పోవద్దు. 2022 సెప్టెంబర్ 20, 21 తేదీల్లో అక్కడి ప్రుడెన్షియల్ సెంటర్ అనే పెద్ద హాల్లో మై కెమికల్ రొమాన్స్ అనే రాక్ బ్యాండు వాయించింది. రెండో రాత్రి బ్రహ్మాండం, బస మాత్రం పరమ దరిద్రం.

"షటిల్ ఉచితం" అన్న ముక్క చూసి 129 డాలర్ల గది తీసుకున్నాం. తీరా ఆ షటిల్ వ్యాను ఊళ్లోకి రాదు. ఎయిర్‌పోర్టులో తిరిగే చిన్న రైలు ఎయిర్‌ట్రెయిన్, దాని పీ4 స్టేషన్ నుంచి లాడ్జికి, లాడ్జి నుంచి పీ4కి, అంతే దాని లోకం. అంటే కచేరీ అయ్యాక నెవార్క్ పెన్ స్టేషన్లో రైలెక్కి, తర్వాతి స్టేషన్లోనే, ఎయిర్‌పోర్టు దగ్గర దిగి, ఎయిర్‌ట్రెయిన్‌లో పీ4 చేరి, అక్కడ ఫోన్ చేసి కాచుకోవాలి. "పది నిమిషాలు" అని మూడుసార్లు చెప్పించుకున్నాక నలభయ్యో నిమిషానికి వ్యాను వచ్చింది. నాతో వచ్చిన బావ అప్పటికే మాట్లాడ్డం మానేశాడు. ఒక్క స్టేషనుకే అంత టికెట్టా అనిపిస్తుంది. అందులో ఎయిర్‌ట్రెయిన్ రుసుము కలిపేస్తారు మరి. పగలైతే ఊళ్లోంచి ఎయిర్‌పోర్టుకి 62 నంబరు బస్సు నయం. అప్పట్లో 1.60 డాలర్లు, చిల్లర సరిగ్గా ఉండాలి.

కౌంటర్లో ఇంకో 100 డాలర్ల డిపాజిట్ అన్నారు. డెబిట్ కార్డు ఇచ్చారో, మీ ఖాతాలో డబ్బే ఆగిపోతుంది, మాకు తిరిగి కనబడ్డానికి వారం పట్టింది. క్రెడిట్ కార్డే ఇవ్వండి. సిగరెట్ కంపు గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, పార్కింగ్ చూస్తే సగం బోసి.

న్యూజెర్సీలోనే ఎడిసన్, ఐస్లిన్ ఊళ్ల వైపు మనవాళ్లింట్లో చాప దొరికినా అదే మేలు. అక్కడి మెట్రోపార్క్ స్టేషన్లో నార్త్‌ఈస్ట్ కారిడార్ లైను రైలెక్కితే నేరుగా నెవార్క్ పెన్, అక్కణ్నుంచి హాలుకి నడక. రైలు టికెట్ ఎన్‌జే ట్రాన్సిట్ యాప్‌లో కొని, రైలెక్కే ముందే యాక్టివేట్ చేయాలి. టికెట్ మిషన్ ఉన్న స్టేషన్లో ఎక్కి కండక్టర్ దగ్గర కొంటే 5 డాలర్లు అదనం.

ఇక పాట. ఈ కచేరీ టికెట్లు 2020 జనవరిలో కొన్నవి. కోవిడ్‌తో షోలు రెండుసార్లు వాయిదా పడ్డాయి. 2013లో విడిపోయి, 2019 డిసెంబర్ 20న లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ కలిసినవాళ్లు, 2022 మేలో "ద ఫౌండేషన్స్ ఆఫ్ డికే" అని ఆరు నిమిషాల కొత్త పాట వదిలారు. ఆ టూరులో షోలు చాలావరకు దాంతోనే మొదలయ్యాయి. ముందు పాత రేడియోలా గరగర, అందులోంచి సన్నగా గొంతు, ఆ తర్వాత గిటార్లు ఒక్కసారి మీద పడతాయి. సెప్టెంబర్ 11 దాడుల ప్రస్తావన ఉన్న పాట అది. ఆ దాడుల తర్వాతే 2001లో పుట్టిన బ్యాండు, గాయకుడు జెరార్డ్ వే పెరిగిందేమో పక్కనున్న బెల్‌విల్. వేరే ఊళ్లో ఇంత బరువుగా వినబడదు. పాత హిట్లకే వచ్చి, కొత్తది మొదలవగానే ఫోన్లు చూసుకునేవాళ్లకి టికెట్ దండగ. ఇయర్‌ప్లగ్స్ మర్చిపోకండి, పైవరసల్లో డ్రమ్స్ గోడకి కొట్టి ఇంకోసారి వినబడతాయి. బ్యాక్‌ప్యాక్ వద్దు, తీసుకెళ్తే బయట వ్యానులో దాచడానికి 20 డాలర్లు వదిలాయి.

తిండికి స్టేషనుకి అవతలి పక్క ఐరన్‌బౌండ్, ఫెర్రీ స్ట్రీట్. పోర్చుగీసువాళ్ల పేట. బొగ్గుల మీద కాల్చిన కోడి, పక్కన అన్నం, కారం నూనె. మన నాలిక్కి కూడా ఆనింది, 16 డాలర్లకి ఇద్దరికి సరిపోయింది. శాకాహారులకి అన్నం, సలాడ్, బంగాళాదుంప వేపుడే గతి. బేకరీలో గుడ్డు కస్టర్డ్ బిళ్లలు, పాస్టెల్ డి నాటా అంటారు, అప్పట్లో రెండు డాలర్లకొకటి. పైన మచ్చలు మాడినట్టుంటేనే తీసుకోండి, తెల్లగా ఉంటే పచ్చి పిండి వాసన. రెండోది తిన్నాక బావ నోరు విప్పాడు.

కచేరీలో టీషర్టు 45 డాలర్లు పడింది. న్యూజెర్సీలో బట్టలకి అమ్మకపు పన్ను లేదు, పోస్టరుకి 6.625 శాతం ఉంది. బిల్లు చూసుకోండి, మాకు రెండిటికీ వేశారు.