హార్డ్ ఆనోడైజ్డ్ కడాయి: పులుసు కూరలకు ఎంతవరకు నమ్మవచ్చు?

ఏళ్ల తరబడి వాడిన సాదా అల్యూమినియం గిన్నెను పక్కన పెట్టి, మూడు లీటర్ల హార్డ్ ఆనోడైజ్డ్ కడాయిని కొన్నాము. పాత గిన్నెలో చింతపండు పులుసు కాచినప్పుడల్లా, పులుసు మరిగిన మట్టం వరకు లోపలి నలుపు పోయి లోహం తెల్లగా బయటపడేది. పులుపు పైపొరను కరిగించి కొంత అల్యూమినియాన్ని కూరలోకి తెస్తుందనడానికి అదే నిదర్శనం. కొత్త కడాయి కూడా అల్యూమినియమే అయినా, దాని మీద విద్యుద్రసాయన పద్ధతిలో ఆక్సైడ్ పొరను మందంగా పెంచుతారు కనుక, టమాటా పప్పు వండినా రంగు మారలేదు.

అల్యూమినియం మెదడును దెబ్బతీస్తుందన్న భయాన్ని కొట్టిపారేయలేము. 1970వ దశకంలో డయాలిసిస్ నీటిలోని అల్యూమినియం వల్ల రోగులకు మాట తడబడటం, మతిమరుపు, మూర్ఛలు వచ్చాయి. అయితే వారిలో అది పేగులతో పనిలేకుండా నేరుగా రక్తంలో చేరింది, దానిని బయటికి పంపవలసిన మూత్రపిండాలూ పనిచేయలేదు. ఆహారంతో వెళ్లేదానిలో రక్తంలో కలిసేది సాధారణంగా ఒక శాతం లోపే. వంటపాత్రల వల్ల అల్జీమర్స్ వస్తుందని రుజువు కాలేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో కిలో శరీర బరువుకు వారానికి 1 మిల్లీగ్రామును పరిమితిగా నిర్ణయించింది. అంటే 60 కిలోల మనిషికి 60 మిల్లీగ్రాములు.

పొర మందం ఎంతో తయారీదారు ఎక్కడా ముద్రించకపోవడం నాకు నచ్చలేదు. స్టీలు పీచుతో తోమితే గీతలు పడతాయి. వేపుళ్లకు, పప్పుకు ఈ కడాయిని నిస్సంకోచంగా సూచిస్తాను. గంటల తరబడి మరిగే పులుసుకు మాత్రం స్టీలు గిన్నెనే వాడుతున్నాము, మిగిలిన కూరను రాత్రంతా కడాయిలో ఉంచడం లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి కొనుక్కోవడం మంచిది.