కొండపల్లి రాళ్ల మీద పాత హార్డ్‌టెయిల్: రెండు వేసవులు తొక్కాక

ముందే చెప్పేస్తాను. పాత 26 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్‌ని, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ సైకిల్‌ని, ట్రైల్స్‌కి (రాళ్ల కొండదారులకి) సిద్ధం చేయాలనుకుంటే డబ్బులు మొదట టైర్లకి, తర్వాత బ్రేకులకి, ఆ తర్వాత హ్యాండిల్‌కి పెట్టండి. గేర్లది నాలుగో స్థానం. ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే షాకుల సంగతి అన్నిటికన్నా చివర్లో చూసుకోవచ్చు. మా కొండపల్లి, మూలపాడు వైపు దారుల్లో తొక్కగా తొక్కగా నాకు తేలిన వరస ఇది. ఎవరిని అడిగినా ముందు ఫోర్కు మార్చమనే అంటారు. నేను ఒప్పుకోను.

నాది అల్యూమినియం ఫ్రేము. డిస్క్ బ్రేకు బిగించుకునే ఏర్పాటు ఉంది, అది లేకపోతే ఈ పని మొదలుపెట్టేవాణ్ణే కాదు. హెడ్ ట్యూబు (ఫ్రేము ముందుండే గొట్టం) పైనా కిందా ఒకే కొలత, 1⅛ అంగుళాల స్టీరర్‌కి, అంటే దాంట్లో దూరే ఫోర్కు కాడకి సరిపోయేది. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కులు చాలావరకు కింద లావయ్యే టేపర్డ్ రకం. పైగా 26 చక్రానికి కొత్త ఎయిర్ ఫోర్కు (స్ప్రింగు బదులు గాలితో పనిచేసేది) దొరకడం గగనమే. అందుకని ఉన్న 100 మి.మీ. స్ప్రింగు ఫోర్కునే విప్పి, కడిగి, గ్రీజు పెట్టి వాడుతున్నాను. బరువే, కానీ పని చేస్తోంది. ఇంకా పొడుగుది వేయమన్నవాళ్లున్నారు. 20 మి.మీ. పెంచితే ముందు కోణం, అంటే హెడ్ ట్యూబు నేలతో చేసే కోణం, సుమారు ఒక డిగ్రీ వాలుతుంది, నిజమే. ఆ మేరకు హెడ్ ట్యూబు అతుకుల మీద భారమూ పెరుగుతుంది. పాత వెల్డింగు మీద ఆ ప్రయోగం నాకొద్దు.

అన్నిటికన్నా సతాయించింది బాటమ్ బ్రాకెట్, పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు. ఏళ్ల తరబడి తుప్పు పట్టి ఫ్రేములోనే బిగుసుకుపోయింది. పేటలో సైకిల్ షాపు కుర్రాడు రెంచి మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన టార్చి వేసి చూసి, "ఏవండీ, చెయిన్ వైపుది లెఫ్ట్ త్రెడ్డు కదా, మీరు బిగిస్తా కూర్చుంటే ఊడుద్దా?" అన్నాడు. ఆ పక్క కప్పు గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పితే ఊడుతుంది. నూనె పోసి కాసేపు వదిలేసి, రెంచికి గొట్టం తొడిగి ఒక్క గుంజు గుంజాడు. ఫట్‌మని వదిలింది. లోపల ఎర్రటి పొడి, రెండు అరిగిపోయిన బాల్సు. మరలు శుభ్రం చేసి గ్రీజు రాసి కొత్తది ఎక్కించాం. అప్పటినుంచి కిర్రుమనలేదు.

టైర్ల దగ్గరే అసలు తేడా. కొనేటప్పుడు ఉత్త "26" అని అడక్కండి. మామూలు సైకిళ్ల 26×1⅜, 26×1½ టైర్ల కొలత వేరు, మన రిమ్ముకి కూర్చోవు. టైరు పక్కన 559 అన్న అంకె చూసి తీసుకోండి. నేను 2.25 వెడల్పువి వేసి ముందు 26, వెనక 30 పీఎస్ఐ గాలి పెడుతున్నాను. అంతకుముందు గట్టిగా గాలి కొట్టిన సన్న టైర్లతో గులకరాళ్ల మీద ఎగిరెగిరిపడేది, ఇప్పుడు రాయిని పట్టుకుని ఎక్కుతోంది. ఇక ముళ్లు. మనవైపు ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే, దానికి తోడు పల్లేరుకాయలు. రిమ్ములు ట్యూబ్‌లెస్‌వి కావు కాబట్టి ట్యూబుల్లోనే సీలెంట్ (చిల్లుని లోపల్నించి మూసేసే ద్రవం) పోశాను. ముల్లు గుచ్చుకున్నచోట తెల్లటి చుక్క కనబడి ఆగిపోతుంది. బెజవాడ ఎండలకి సీలెంట్ తొందరగా ఎండిపోతోంది, వేసవిలో మధ్యమధ్యలో మళ్లీ పోయాల్సిందే.

బ్రేకులు షిమానో హైడ్రాలిక్, కింది రకం ఎంటీ200. కేబులు డిస్కులతో ఖిల్లా దిగేసరికి వేళ్లు లాగేసేవి, ఇప్పుడు ఒక్క వేలు చాలు. వీటికి మినరల్ ఆయిలే పోయాలి. మోటార్ సైకిల్ బ్రేకు ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి, మెకానిక్కుకి ముందే చెప్పండి. హ్యాండిల్ 740 మి.మీ.ది, దాన్ని ఫోర్కుకి కలిపే స్టెమ్ 50 మి.మీ.ది వేశాక వాలులో ముందుకి తూలిపోతున్నాననే టెన్షన్ బాగా తగ్గింది.

గేర్లకి ముందు మూడు పళ్లచక్రాలుండే పాత పద్ధతి తీసేసి ముందు 32 పళ్లది ఒక్కటి, వెనక మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ 9 స్పీడు, 11 నుంచి 42 పళ్ల వరకు. డిరైలర్‌కి (చెయిన్‌ని గేరు మార్చే భాగానికి) చెయిన్ ఊగకుండా బిగువుగా పట్టే క్లచ్ ఉంది, చెయిన్ ఊడటం మానేసింది. నష్టమల్లా తారు రోడ్డు మీద. నిమిషానికి 90 చుట్లు తొక్కినా గంటకి 32, 33 కిలోమీటర్లు దాటదు. గుంటూరు హైవే మీద రోడ్ బైకుల వాళ్లతో వెళ్తే వాళ్ల వీపులు చూస్తూ పోవాల్సిందే.

చెయిన్ గురించి ఒక మాట. ఇబ్రహీంపట్నం దగ్గర బూడిద లారీలు తిరుగుతాయి. చిక్కటి నూనె వేస్తే ఆ బూడిద పట్టి సానరాయి ముద్దలాగా చెయిన్‌ని కొరికేస్తుంది. వ్యాక్స్ రకం వాడుతూ వారానికోసారి తుడుస్తున్నాను.

మారనిది ముందు కోణం. 71 డిగ్రీలు, ఈ కాలపు ట్రైల్ సైకిళ్లవి 65, 66, అంటే నాదానికన్నా వాలుగా ఉంటాయి. నిటారు దిగుడులో ఇప్పటికీ సీటు దించి, వెనక్కి జరిగి, ఒక్కోసారి దిగి నడిపించుకుంటూ వస్తాను. వానాకాలంలో గుంటూరు వైపు నల్లరేగడిలోకి అసలు తీసుకెళ్లను, ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు తక్కువ, బురద ఇరుక్కుని చక్రమే తిరగదు.

సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిది చూస్తుంటే బేరమాడేముందు సీటు గొట్టం కదులుతుందో, ఫ్రేములో బిగుసుకుపోయిందో లాగి చూడండి, హెడ్ ట్యూబు కింద వెల్డింగు దగ్గర గోరుతో గీకి పగులు ఉందేమో వెతకండి. ఆ రెండిట్లో ఏది తేడా కొట్టినా వదిలేసి వచ్చేయండి.