నల్లగొండ నుంచి నల్లమలకు: చీకటి పడితే ఎక్కడ ఆగాలి, హెడ్‌లైట్లు పోతే ఏం చూడాలి

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా నల్లమలకు పోయే దారంటే నాకు చాలా ఇష్టం. పగటిపూట మాత్రమే. చీకటి పడ్డాక ఆ దారి లెక్క వేరు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూస్తే మళ్లీ పొద్దున 6 గంటలకే తీస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ నుంచి పోయే రోడ్డు కాబట్టి ఆ కట్టడి ఉండాల్సిందే. అందుకే ఈ వైపు వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఏయే గుళ్లు, ఏయే జలపాతాలు చూడాలి అనుకునే ముందు, సాయంత్రం ఆరింటికల్లా ఎక్కడుంటారో తేల్చుకోండి. మొన్న అమ్మ, నా భార్య, పిల్లలు, బావతో కలిసి పోయినప్పుడు మాకు అక్కరకొచ్చింది ఆ జాగ్రత్తే.

దేవరకొండ ఖిల్లా పొద్దున్నే ఎక్కాలి. రేచర్ల పద్మనాయకుల నాటి కోట, ఏడు గుట్టల నడుమ ఉంటుంది. పైన నీడ తక్కువ, తాగునీళ్లు మనమే మోసుకుపోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింది ద్వారాల దాకా చూసి ఆగడం మంచిది, అమ్మ అట్లనే ఆగింది. డిండి దగ్గర ప్రాజెక్టు నీళ్లు చూస్తూ భోజనం చేయడానికి టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. కుటుంబంతో ఆగడానికి వీలైన చోటు, బాత్రూములు వాడుకునేట్టున్నాయి. అంతకుమించి అక్కడ చెప్పేదేమీ లేదు.

ఉమామహేశ్వరం మాత్రం తీరిగ్గా చూడాల్సిన జాగా. అచ్చంపేట దాటి రంగాపూర్ దగ్గర గుట్ట మీద ఉంటుంది, శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. కారు పైదాకా పోతుంది. అక్కడి నుంచి గుడికి నడిచే బాట పొడవునా తల మీదికి వంగిన కొండచరియ గొడుగు పట్టినట్టు ఉంటుంది, ఎండ పడదు. పాపనాశనం దగ్గర రాతి సందులోంచి ఊరే నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయంటారు. మేం పోయినప్పుడైతే పిల్లలు చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. అమ్మ అక్కడ కూర్చుంటే లేవలేదు. ఈ యాత్రలో ఒక్క చోటే చూడగలమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. కోతులతో మాత్రం జాగ్రత్త, చేతిలో కవర్ కనబడితే లాక్కుంటాయి.

దిగేటప్పటికి మసక పడింది. రంగాపూర్ దగ్గరికొచ్చి బావ లైట్లు వేస్తే పార్కింగ్ లైట్లు వెలిగాయి, మీటర్ వెలిగింది, హెడ్‌లైట్లు మాత్రం రెండూ లేవు. అందరూ ముందు అనుకునేది బల్బులు పోయాయనే. కానీ రెండు బల్బులూ ఒకేసారి పోవడం అరుదు. రెండు వైపులా ఒక్కసారే ఆరిపోయిందంటే ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న దాని మీదనే అనుమానం పెట్టుకోవాలి. అంటే స్విచ్, రిలే (స్విచ్ సైగ అందుకుని పెద్ద కరెంటును కలిపే చిన్న డబ్బా), లేదంటే ఎర్త్ వైరు (కరెంటు తిరిగిపోవడానికి కారు బాడీకి కలిపే వైరు). ఒక వైపే ఆరితే అప్పుడు బల్బు, దాని ఫ్యూజు, వెనక కనెక్టర్ చూడాలి. రెండూ వెలుగుతూ మసకగా ఉంటే ఎర్త్ దగ్గర తుప్పు పట్టిందేమో చూడాలి.

బావ స్టీరింగ్ పక్కనున్న కాడను తనవైపు లాగాడు. హై బీమ్ భగ్గున వెలిగింది. అక్కడే సగం సంగతి తేలిపోయింది. మన కార్లలో ఎక్కువగా ఉండే హెచ్4 బల్బులో ఒకే గాజులో రెండు ఫిలమెంట్లుంటాయి, ఒకటి దూరానికి కొట్టే హై, ఒకటి కిందికి వాలి దగ్గరికి పడే డిప్. హై వెలిగిందంటే బల్బుకు ఎర్త్ అందుతోంది, బ్యాటరీ బాగుంది. పోయింది డిప్ దారి ఒక్కటే. ఫోన్ టార్చ్ వేసుకుని ఫ్యూజు పెట్టె తెరిచాం. మూత మీద బొమ్మ ఉంటుంది, డిప్‌కు ఎడమ, కుడి విడివిడిగా ఎర్ర రంగువి, 10 ఆంపియర్లవి. ఊడదీసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి తీగ రెండిట్లోనూ తెగలేదు. హెడ్‌లైట్‌కు రిలే ఉన్న కార్లలో ఇంకో పని చేయొచ్చు. హారన్‌కో మరోదానికో అదే నంబరు రిలే ఉంటే మార్చి పెట్టి చూడాలి, వెలిగితే దోషం దొరికినట్టే. బావది పాత మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాంట్లో హెడ్‌లైట్ రిలేనే లేదు, కరెంటంతా స్విచ్‌లోంచే పోతుంది.

హై బీమ్ మీద పోదామని బావ అన్నాడు. నేను వద్దన్నాను. అచ్చంపేట రోడ్డు మీద ఎదురుగా వచ్చేవి ఎక్కువ బైకులు, ట్రాక్టర్లు. డిప్ చేయలేని హై బీమ్ వాళ్ల కళ్లల్లో కొట్టడం పాపం, ప్రమాదం. ఫాగ్ ల్యాంపుల వైరింగ్ వేరు కాబట్టి అవి వెలిగాయి. వాటి వెలుతురు దగ్గరిదాకే పడుతుంది గానీ రోడ్డు అంచు బాగా కనబడుతుంది. వాటితోనే మెల్లగా అచ్చంపేట చేరుకున్నాం. మన్ననూరు బసకు ఫోన్ చేసి ఈ రాత్రికి రావడం లేదని చెప్పేశాం.

అచ్చంపేటలో ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణం కట్టేసే వేళ. "అన్నా, జర చూడవే, అమ్మ ఉంది, పిల్లలున్నరు" అంటే మారుమాట లేకుండా బానెట్ ఎత్తమన్నాడు. కరెంటు వస్తుందో లేదో చూపే టెస్ట్ ల్యాంపు ఒక కొసను బాడీకి తగిలించి, బల్బు వెనక కనెక్టర్‌లో ముల్లు పెట్టి, "సార్, డిప్ కొట్టుండ్రి... ఇగ హై కొట్టుండ్రి" అంటూ బావతో కాడ ఆడించాడు. హైకి దీపం వెలిగింది, డిప్‌కు లేదు. కాడను కొంచెం కదిపితే మిణుకుమంది. "కాంటాక్ట్ కాలింది సార్" అని స్టీరింగ్ కింది కవర్ స్క్రూలు విప్పాడు. లోపల డిప్ కాంటాక్ట్ నల్లబడి ఉంది, దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉబ్బింది.

కారణం బల్బుల మీదనే రాసి ఉంది: 100/90 వాట్లు. పాత యజమాని వేయించినవి. కంపెనీ ఇచ్చేవి 60/55. 55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్ల చిల్లర లాగుతుంది, రెండూ కలిపితే 9 చిల్లర. 90 వాట్లదైతే ఒక్కొక్కటి ఏడున్నర, రెండూ కలిపి 15. విడి ఫ్యూజు 10 ఆంపియర్లది కాబట్టి ఒక్క బల్బు భారాన్ని అది ఓర్చుకుంది. రెండిటి భారం పడ్డ స్విచ్ కాలింది. వెలుతురు ఎక్కువ కావాలని పెద్ద బల్బులు వేయించేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ఆయన కాంటాక్ట్‌ను గీకి శుభ్రం చేసి, రిలే కిట్ వేశాడు. బ్యాటరీ నుంచి లావు వైరుతో, మధ్యలో దాని ఫ్యూజుతో కరెంటు నేరుగా బల్బుకు పోతుంది, స్విచ్ రిలేకు సైగ మాత్రమే ఇస్తుంది. కొత్తవి 60/55 బల్బులు పెట్టేటప్పుడు గాజుకు వేలు తగలనీయకుండా ఇనుప మొదలు పట్టుకుని దూర్చాడు. గాజుకు చేతి జిడ్డు అంటితే అక్కడ వేడి పెరిగి బల్బు తొందరగా పోతుంది. నాకు బాగా నచ్చింది చివరి పని. కారును ఎదురు దుకాణం షట్టర్‌కు మొహం చేసి పెట్టించి, మమ్మల్నందరినీ లోపల కూర్చోమన్నాడు. వెనక బరువు పడితే ముందు లైటు పైకి లేస్తుంది కదా, ఆ బరువుతోనే ఎత్తు సరిచేశాడు. రేటు ముందే చెప్పాడు, అంతే తీసుకున్నాడు. పట్నంలో ఇంత ఓపిగ్గా చేసేవాళ్లు అరుదు.

ఆ రాత్రి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో ఉన్నాం. గది చిన్నది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, దుప్పట్లు అడిగితే గానీ మార్చలేదు, కారు రోడ్డు మీదనే పెట్టాల్సి వచ్చింది. అయినా పక్క మెస్‌లో జొన్నరొట్టె, పప్పు వేడివేడిగా దొరికాయి. మందుల దుకాణం, పెట్రోల్ బంకు, మెకానిక్ అన్నీ చేరువలో ఉన్నాయి. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు ఇంతకన్నా ఎన్నో రెట్లు బాగుంటాయి, సఫారీతో కలిపి ప్యాకేజీ ఇస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. మర్నాడు రాత్రి అక్కడే ఉన్నాం. పిల్లలకు ఆ సఫారీయే యాత్ర. కానీ బండికి జబ్బు చేస్తే చూసేవాళ్లు కావాలంటే వెనక్కి అచ్చంపేటకే రావాలి. బండి మీద నమ్మకముంటే, పొద్దు ఉండగానే చేరగలిగితే మన్ననూరు. లేకుంటే అచ్చంపేట.

మల్లెలతీర్థానికి వటవర్లపల్లి దగ్గర మలుపు తిరగాలి. దిగే మెట్లు వందల్లో ఉంటాయి, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. వానలు పడ్డ తర్వాతి నెలల్లో పోవాలి, ఎండాకాలంలో ధార సన్నబడిపోతుంది. అమ్మను పైనే ఉంచాం.

తిరుగుదారిలో కొల్లాపూర్ వైపు పోయి సోమశిల చూశాం. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని లలితా సోమేశ్వరాలయాన్ని పైకి తరలించి కట్టారు. ముందర కృష్ణమ్మ సముద్రంలా పరచుకుని ఉంటుంది. హరిత కాటేజీలు నదికి ఎదురుగానే ఉన్నాయి, నా లెక్కన ఈ మొత్తం దారిలో పెద్దవాళ్లతో బసకు ఇదే మేలు: మెట్లు తక్కువ, పార్కింగ్ లోపలే, గదిలోంచే నీళ్లు కనబడతాయి. చేపల కూర కావాలంటే ముందే చెప్పి ఉంచాలి. శని, ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం, వారం మధ్యలో పోయేట్టు చూసుకోండి. కొల్లాపూర్‌లో డీజిల్ పోయించుకుని, ఊరు దాటకముందే ఎవరినైనా ఒకరిని కిందికి దింపి హై, డిప్, బ్రేక్ లైట్లు మూడూ చూపించుకున్నాకే సోమశిల వైపు మళ్లండి.