డెవిల్ సర్వైవర్: మొదటి ఆట ముందా, రెండోది ముందా?

అట్లస్ కంపెనీ తెచ్చిన డెవిల్ సర్వైవర్ ఆటలు రెండే అయినా కొందామని వెతికితే నాలుగు పేర్లు ఎదురవుతాయి. 2009లో నింటెండో డీఎస్ అనే చేతి ఆట యంత్రం మీద వచ్చిన మొదటి ఆటనే 2011లో మెరుగులు దిద్ది, దాని తర్వాతి యంత్రం 3డీఎస్ మీదకు తెచ్చారు. దాని పేరు ఓవర్‌క్లాక్డ్. రెండో ఆట డీఎస్ మీద జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో వచ్చింది. దానికి ఇంకో పూర్తి కథను జోడించి 2015లో 3డీఎస్ మీద ఇచ్చిందే రికార్డ్ బ్రేకర్. రెండు ఆటల కథలకూ సంబంధం లేదు, కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా అర్థమవుతాయి.

రెండూ ఆడే ఓపిక ఉంటే ఓవర్‌క్లాక్డ్‌తో మొదలుపెట్టండి. ఒక్కదానికే తీరిక ఉంటే రికార్డ్ బ్రేకర్ మేలు. రెండో ఆటలోని సదుపాయాలకు చెయ్యి అలవాటు పడ్డాక మొదటిదానికి తిరిగి వెళ్తే చిరాకు పుడుతుంది. కానీ కథ బిగువులో మొదటిదే పైచేయి. ఆ బిగువు తెలియాలంటే దాన్ని ముందే ఆడాలి.

పోరాట పద్ధతి రెండింటిలోనూ ఒకటే. గళ్ల పటం మీద మీకు నాలుగు జట్ల వరకు ఉంటాయి. ఒక్కో జట్టులో మధ్యన మనిషి, అటూ ఇటూ రెండు డీమన్లు. శత్రు జట్లూ ముగ్గురేసి. చదరంగంలోలా పటం మీద జట్లను కదుపుతారు, ఢీకొన్నప్పుడు మాత్రం ముగ్గురికి ముగ్గురు ఎదురెదురుగా నిలబడి ఒక రౌండు కొట్టుకుంటారు. ఆ రౌండులో అందరికీ ఒక్కో దెబ్బ. శత్రువు బలహీనతను పట్టి కొట్టినా, క్రిటికల్ (మామూలును మించిన దెబ్బ) పడినా ఎక్స్‌ట్రా టర్న్ వస్తుంది, అంటే అదే రౌండులో ఇంకో దెబ్బ. మంట పనిచేయని వాడి మీద మంట వేస్తే చేతిలో ఉన్న ఎక్స్‌ట్రా టర్న్ కూడా పోతుంది. శత్రువుకూ ఇదే లెక్క. అందుకే మీ డీమన్ బలహీనత ఏమిటో చూసుకోకుండా దాన్ని ముందుకు తోయకూడదు. లెవెల్ సమానంగా ఉండి కూడా ఓడిపోయే పోరాటాల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడతాయి.

కొత్తవాళ్లు పడే రెండో పొరపాటు నాయకుడి సంగతి. మధ్యలో ఉన్న నాయకుణ్ణి పడగొడితే శత్రు జట్టు మొత్తం మాయమవుతుంది. పని త్వరగా అయిపోయినట్టే ఉంటుంది కానీ పక్కవాళ్లను ముందు కూల్చి నాయకుణ్ణి చివరికి ఉంచితే అనుభవం పాయింట్లూ, మక్కా అనే డబ్బూ ఎక్కువ వస్తాయి. పైగా ఫైర్ డ్యాన్స్, ఐస్ డ్యాన్స్ లాంటి స్కిల్స్ గురి లేకుండా చాలాసార్లు కొడతాయి. పక్కలు ఖాళీ అయితే ఆ దెబ్బలన్నీ నాయకుడి మీదే పడతాయి. బాస్‌ల మీద, అంటే పెద్ద శత్రువుల మీద, దీన్ని మించిన ఉపాయం లేదు.

మనుషులకు స్కిల్స్ లెవెల్ పెరిగితే రావు, శత్రువుల దగ్గర దొంగిలించాలి. దీని పేరు స్కిల్ క్రాక్. పోరాటానికి ముందే ఎవరు ఏ శత్రు జట్టు నుంచి ఏ స్కిల్ తీసుకోవాలో కేటాయిస్తారు. కేటాయించిన మనిషి జట్టే ఆ శత్రువును ఓడించాలి, వేరే జట్టు ఓడిస్తే స్కిల్ రాదు. వేగంగా కదిలే జట్టుకు దూరంగా ఉన్న శత్రువును, నెమ్మది జట్టుకు దగ్గరున్న శత్రువును కేటాయిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఒకసారి దొరికిన స్కిల్ అందరికీ అందుబాటులో ఉంటుంది కానీ ఒక సమయంలో ఒక్కరే దాన్ని పెట్టుకోగలరు. హీరోను ఎలా పెంచాలన్న ప్రశ్నకు ఈ నియమం చాలా ముఖ్యం, కాసేపట్లో దానికే వద్దాం.

ఇక కథలు. మొదటి ఆటలో టోక్యోలో గుండ్రంగా తిరిగే యమనోతె రైలు మార్గం లోపలి భాగాన్ని సైన్యం దిగ్బంధిస్తుంది. ఏడు రోజులు, లోపల జనం, డీమన్లు. కరెంటు ఉండదు, తిండి తరుగుతుంది, జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. హీరోకు మనుషుల తలల మీద అంకెలు కనిపిస్తాయి, ఆ మనిషికి ఇంకెన్ని రోజుల ఆయుష్షు ఉందో చెప్పే అంకెలు. లాప్లాస్ మెయిల్ అనే సందేశం ఆ రోజు జరగబోయేది పొద్దున్నే చెప్పేస్తుంది. అంకెను మార్చడమే మీ పని. రచన ఎక్కడా చేయి వదలదు.

రెండో ఆట విస్తృతి పెద్దది. టోక్యో, ఒసాకా, నగోయా మధ్య తిరుగుతారు. రోజుకొకటి చొప్పున సెప్టెంట్రియోన్లు అనే శత్రువులు దిగుతారు. వాళ్ల పేర్లు డూబే, మెరాక్, ఫెక్డా, మెగ్రెజ్, అలియోత్, మిజార్, బెనెట్‌నాష్. ఇవి మన సప్తర్షి మండలంలోని ఏడు నక్షత్రాలు, వరసగా క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వశిష్ఠుడు, మరీచి. ఆకాశంలో ఆ వరస తెలిసినవాళ్లకు రేపు ఎవరొస్తారో ఆట చెప్పకుండానే తెలిసిపోతుంది. వశిష్ఠుడి పక్కన పెళ్లిలో చూపించే అరుంధతి నక్షత్రం పాశ్చాత్య పేరు ఆల్కోర్. ఆ పేరున్న పాత్ర కూడా ఉంది, ఎవరన్నది ఆడేటప్పుడే తెలుసుకోండి. రికార్డ్ బ్రేకర్‌లో జోడించిన ట్రయాంగ్యులమ్ కథకు స్పైకా, ఆర్క్‌టురస్, డెనెబోలా అనే పేర్లు వాడారు, అంటే చిత్త, స్వాతి, ఉత్తర ఫల్గుణి. పంచాంగం చూసే ఇంట్లో ఆడితే ఇదో అదనపు సరదా.

ఇంకో సంగతి. ఈ ఆటల్లో డీమన్ అంటే మన దెయ్యమో రాక్షసుడో కాదు. జపనీస్‌లో వాడిన అకుమా అన్న మాట కింద దేవుళ్లు, భూతాలు, దేవదూతలు అందరినీ కలిపేశారు. కాబట్టి శివుడు, కాళి, గణేశుడు మీ పక్కన డీమన్లుగా నిలబడతారు. మనసుకు ఇబ్బంది అనిపిస్తే ముందే తెలిసి ఉండటం మంచిది. రెండో ఆటలో ఆకాశంలో ఎక్కడో ఎత్తున ఉండే అలియోత్‌ను కిందికి దించడానికి శివుడి పాశుపతం, ఐరిష్ దేవుడు లూగ్ ఆయుధం బ్రియోనాక్ కథలోకి వస్తాయి. అర్జునుడు తపస్సు చేసి సాధించిన ఆ అస్త్రం పేరు టోక్యో కుర్రాళ్ల నోట వినడం విచిత్రంగానే ఉంటుంది.

కాలం లెక్క రెండింటిలోనూ కఠినమే. ఒక్కో ఘటనకు అరగంట ఖర్చవుతుంది. కథతో సంబంధం లేని ఫ్రీ బ్యాటిల్స్‌కు కాలం ఖర్చు లేదు, ఎన్నయినా ఆడుకోవచ్చు. అయితే శత్రువుల కన్నా మీ లెవెల్ పెరిగిన కొద్దీ వచ్చే పాయింట్లు తగ్గుతాయి కాబట్టి గంటల తరబడి అక్కడే గ్రైండ్ చేయడం, అంటే పాయింట్ల కోసం అవే పోరాటాలు మళ్లీ మళ్లీ ఆడటం దండగ. వెనకబడ్డవాళ్లను అందుకునేలా చేయడానికి మాత్రం అవి పనికొస్తాయి.

మనుషులను కాపాడే పద్ధతిలో తేడా ఉంది. మొదటి ఆటలో మిడోరి, మారి లాంటి వాళ్ల ప్రాణం మీరు ఎప్పుడు ఎవరితో మాట్లాడారన్న దాని మీద ఆధారపడుతుంది, ఆట గట్టిగా హెచ్చరించదు. ఒక సాయంత్రం వేరేచోట తిరిగితే మర్నాడు మనిషి ఉండడు. రెండో ఆటలో నికాయియా అనే సైట్ చనిపోబోయే మిత్రుడి వీడియోను మీ ఫోనుకు పంపుతుంది. వీడియో వచ్చిందంటే ఆ మనిషి పేరున్న ఘటనలన్నిటికీ ముందు స్థానం ఇవ్వాలి, మిగతావి తర్వాత. దీనికి తోడు ఫేట్ అనే స్నేహపు మెట్లున్నాయి. ఒక్కో మెట్టు ఎక్కితే ఆ మనిషికి కొన్ని దెబ్బలను తట్టుకునే శక్తి వస్తుంది, కొన్ని కొత్త డీమన్ల ఫ్యూజన్ (రెండు డీమన్లను కలిపి కొత్తదాన్ని చేయడం) తెరుచుకుంటుంది. మాట్లాడిన ప్రతి అరగంటకూ చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. మొదటి ఆటలో మాట్లాడితే మిగిలేది చాలాసార్లు కథే.

కష్టం విషయానికొస్తే మొదటిదే కఠినం. ముందుగా తడబాటు పెట్టేది వెండిగో అనే బాస్. దానికి మంటే మందు, మంచు దండగ. తర్వాత పారిపోయే జనాన్ని కాపాడే పటాలు. వాళ్లు తిన్నగా డీమన్ల వైపే పరుగెడతారు. ఆ పటాల్లో శత్రువులను చంపడం కన్నా దారికి అడ్డంగా నిలబడటం ముఖ్యం, రెక్కలున్న డీమన్ జట్టులో ఉంటే అడ్డంకుల మీదుగా వెళ్లి ముందే నిలబడొచ్చు. నాలుగో రోజు బెల్డర్ వస్తాడు. నార్స్ పురాణంలో మిసల్‌టో కొమ్మ తప్ప మరేదీ చంపలేని బాల్డర్ ఇతనే, ఆటలో అది డెవిల్స్ ఫ్యూజ్ అయింది. అది హీరో చేతిలోనే ఉంటుంది, మరెవరి దెబ్బా బెల్డర్‌ను తాకదు. హీరో కూలితే తాకేవాడే ఉండడు. కాబట్టి ఆ రోజుకు ముందే హీరో జట్టులో ఒక డీమన్‌కు వైద్యం స్కిల్ ఉండేలా ఫ్యూజన్ చేసుకోండి, మిగతా మూడు జట్లను పక్క శత్రువులను ఆపడానికి వాడండి.

హీరోకు బలమా, మాయాశక్తా?

లెవెల్ పెరిగినప్పుడు మీ చేతికి వచ్చేది ఒక్క పాయింటు. బలం, మాయాశక్తి, ఓర్పు, చురుకు అనే నాలుగింటిలో ఒకదానికి పెట్టాలి. ఒక్కోదానికీ గరిష్ఠం 40. మిగతావాళ్లకు ఆటే పంచుతుంది. అన్నిటికీ సమానంగా పంచితే ఎటూ కాకుండా పోతారు, ఎందుకంటే ప్రతి మంచి స్కిల్‌కూ కనీస అంకె ఉంటుంది, అది లేకపోతే దొరికిన స్కిల్ కూడా పెట్టుకోలేరు.

మొదటి ఆటకు మాయాశక్తి మేలు. బలహీనత పట్టుకుని కొట్టడమే ఈ ఆట ప్రాణం. మంట, మంచు, పిడుగు, గాలి నాలుగూ మాయకే చెందుతాయి. భౌతిక స్కిల్స్‌కు ఖర్చు ప్రాణం నుంచే పోతుంది, శత్రువు దెబ్బ పడకముందే సగం ఖాళీ అవుతారు. ఆట ముందుకు వెళ్లేకొద్దీ భౌతిక దెబ్బను మింగేవాళ్లు, తిప్పికొట్టేవాళ్లు పెరుగుతారు. నిరోధాలను చీల్చుకుపోయే పియర్స్ స్కిల్ దొరికాక బలం హీరో భయంకరంగా మారతాడు, నిజమే. కానీ అది దొరికేది ఆలస్యంగా, అప్పటిదాకా ఈడవాలి.

ఒక చిక్కుంది. మొదటి ఆటలో హీరో స్నేహితురాలు యూజు కూడా మాయ మనిషే. ఒక స్కిల్ ఒక్కరికే కాబట్టి ఇద్దరూ అవే స్కిల్స్ కోసం పోటీపడతారు. హీరోకు మంట, పిడుగు, యూజుకు మంచు, గాలి అని విడదీస్తే సరిపోతుంది. పాయింట్లలో మూడింట రెండు మాయకు, మిగతా ఒకటి చురుకుకో ఓర్పుకో పెట్టండి. చురుకు ఉంటే ముందుగా కదులుతారు, గురి తప్పదు.

రెండో ఆటలో బలం హీరో కూడా నడుస్తాడు, జట్టులో మనుషులు ఎక్కువ, ఇయో లాంటి మాయ మనుషులు మొదటి నుంచే పక్కన ఉంటారు. అయినా కెయిటా, జుంగో బలం పని చూసుకుంటారు కాబట్టి తొలిసారి ఆడేవాళ్లకు ఇక్కడా మాయే తేలిక.

వేలమా, ఫ్యూజనా?

డీమన్లను వేలంలో కొనొచ్చు, రెండింటిని కలిపి కొత్తదాన్ని తయారుచేయొచ్చు. మేలిరకానికి గుర్తుగా ఎక్కువ నక్షత్రాలు వేసిన డీమన్‌ను వేలంలో కొనడానికి ఎగబడకండి. వేలంలో చవకగా దొరికేవాటిని కొని ఫ్యూజన్‌కు ముడిసరుకుగా వాడితే మక్కా మిగులుతుంది, పైగా కలిపేటప్పుడు ఏ స్కిల్ మిగలాలో మీరే ఎంచుకుంటారు. హీరో లెవెల్‌ను మించిన డీమన్ తయారుకాదు. నాలుగైదు లెవెల్స్‌కు ఒకసారి పాతవాటిని కరిగించి కొత్తవి చేసుకోవడం అలవాటు చేసుకోండి, ముద్దుగా పెంచుకున్న డీమన్‌ను చివరిదాకా మోసేవాళ్లే నాలుగో రోజు దగ్గర ఆగిపోతారు.

డీఎస్ మొదటి ఆటలో కరిగించిన డీమన్ పోయినట్టే. ఓవర్‌క్లాక్డ్‌లో నమోదు పుస్తకం ఉంది, మక్కా ఇచ్చి మళ్లీ పిలవొచ్చు. ఫ్యూజన్ ధైర్యంగా చేయడానికి ఈ ఒక్కటి చాలు. దానికి తోడు సంభాషణలకు గొంతులు, తేలిక స్థాయి, కథ చివర చీలే దారుల్లో కొన్నిటికి ఎనిమిదో రోజు కథ. డీఎస్‌లో ఒక్క సేవ్ మాత్రమే ఉండేది, ఓడిపోయే స్థితిలో సేవ్ చేస్తే దిక్కుతోచదు. ఓవర్‌క్లాక్డ్‌లో మూడు. ఏడో రోజుకు ముందు ఎవరి దారి పట్టాలో ఆట అడుగుతుంది, అక్కడ ఒకటి వేరుగా దాచుకోండి. యూజుతో పారిపోయే దారి మాత్రం మొదటిసారికి వద్దు, చిన్నది, చప్పనిది.

కొనేముందు ఒక్కటి చూసుకోండి. 2023 మార్చి 27న 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆగిపోయాయి, కాబట్టి ఇప్పుడు దారి పాత కార్ట్రిడ్జులే. 3డీఎస్ ఆటలకు ప్రాంతం తాళం ఉంటుంది. అమెరికా కార్ట్రిడ్జ్ అమెరికా యంత్రంలోనే, జపాన్‌ది జపాన్ యంత్రంలోనే ఆడుతుంది. అమెరికాలో బంధువుల ద్వారా కార్ట్రిడ్జ్ తెప్పించుకునేవాళ్లు ముందు తమ యంత్రం ఎక్కడిదో చూసుకోవాలి. డీఎస్ కార్ట్రిడ్జులకు ఈ గొడవ లేదు, ఏ ప్రాంతపు 3డీఎస్‌లోనైనా ఆడతాయి. ప్రాంతం కుదరనివాళ్లకు పాత డీఎస్ ఆటలే గతి. అప్పుడు మాత్రం నా సలహా తిరగబడుతుంది: నమోదు పుస్తకం మొదటి నుంచే ఉన్న రెండో ఆటను ముందు తీసుకోండి.